ముప్ఫై ఒకటో మేకు

మార్చి 3, సోమవారం

కాలనీ సంఘం ప్రెసిడెంటుగారు పొద్దున్నే వచ్చి తెల్లకాగితాల కట్ట ఇచ్చి వెళ్లారు. కాలనీకి పదేళ్లు నిండుతున్నాయి, చిన్న పుస్తకం అచ్చు వేయిస్తారట. మొదటి రెండు పేజీలు, కాలనీ పరిచయం, నన్ను రాయమన్నారు. పదో తరగతి చదువుతో నేనేం రాస్తానండీ అన్నాను.

"చదువెందుకమ్మా, మీ దస్తూరీ ముత్యాలు. పైగా ఈ అరవై రెండు ఇళ్ల గుట్టూ మీ గోడకేగా వేలాడుతోంది" అని నవ్వారు.

ప్రార్థన అయ్యాక కూర్చుని చిత్తు రాశాను.

"మహానగరంలో చివరి బస్‌స్టాపు దాటి పావుగంట నడిస్తే మా కాలనీ. నాలుగు వరుసలు, అరవై రెండు ఇళ్లు. ఏడున్నరకల్లా అందరూ పనులకు వెళ్లిపోతారు. పగలు ఇక్కడ కుక్కలూ, ముసలివాళ్లూ, ఒక కుట్టుమిషను చప్పుడూ మిగులుతాయి. అందుకని ముప్ఫై ఎనిమిది ఇళ్ల తాళంచెవులు ఒకే ఇంట్లో, ఒక చెక్కకు కొట్టి ఇంటి నంబర్లు వేసిన మేకులకు వేలాడుతుంటాయి. గ్యాసు బండ వచ్చినా, కుళాయి కారినా, పిల్లలు బడి నుంచి వచ్చినా అక్కడే తీసుకుంటారు. ఎవరు తీసుకున్నారో, ఎన్ని గంటలకో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంటుంది. పదేళ్లలో ఒక్క చెంచా కూడా పోలేదు. ఇక్కడ అందరూ ఒకే కుటుంబం."

ఆ ఒకే ఇల్లు మాది అని రాయలేదు. గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది.

మార్చి 4, మంగళవారం

ముప్ఫై ఒకటో నంబరు నర్సు తెల్లవారగానే వచ్చింది. రాత్రి డ్యూటీల వారం కదా, పిల్ల మా ఇంట్లోనే పడుకుంటోంది. పిల్లను లేపడానికి వచ్చిందనుకున్నాను. చేతిలో కొత్త తాళంచెవి ఉంది.

"తాళం మార్చాను పిన్నిగారూ. ఇది నా చేతికీ, పిచ్చుక చేతికీ తప్ప ఇంకెవరికీ ఇవ్వకండి."

సరేనమ్మా అన్నాను.

"ఆయన వచ్చినా సరే."

"అలాగేలే."

"ఆయన వస్తే ముఖ్యంగా" అంది. నా చేయి పట్టుకుని చెప్పింది. ఆమె మణికట్టు దగ్గర పసుపుపచ్చగా మారిన పాత దెబ్బ. నేను చూశానని తెలిసి చొక్కా చేయి కిందికి లాక్కుంది.

పాతది తీసేసి కొత్తది ముప్ఫై ఒకటో మేకుకు తగిలించాను. ఆలుమగల మధ్య మనం ఎవరం? దేవుడే సర్దాలి. వాళ్లిద్దరి పేరా ప్రార్థన చేశాను.

పిచ్చుక అసలు పేరు ఎవరూ పిలవరు. ఎనిమిదేళ్లది, ఒకచోట కుదురుగా వాలదు. నన్ను అమ్మమ్మా అంటుంది. ఆ పిలుపు పిలవడానికి నాకు వేరే ఎవరూ లేరు.

మార్చి 6, గురువారం

విశేషం ఏమీ లేదు. మధ్యాహ్నం లిఫ్టు మెకానిక్కు, అదే నర్సు భర్త, వచ్చి వెళ్లాడు. మనిషి చిక్కిపోయాడు. మంచినీళ్లు ఇచ్చాను.

ముప్ఫై ఒకటో తాళంచెవికి సబ్బు అంటుకుని ఉంది. కడిగి, తుడిచి, మేకుకు తగిలించాను. చేతులు కడుక్కుని ఉంటాడు.

పరిచయం ముందుకు సాగలేదు.

మార్చి 7, శుక్రవారం

ఇంటికి వచ్చిన మనిషి మొహం మీద లేదు అనకూడదని మా అమ్మ నేర్పింది. పంచదార అయిపోయినా లేదు అననిచ్చేది కాదు, నిండుకుంది అనమనేది. ఆ మాట అంటే ఇంట్లో లేమి వస్తుందని. యాభై ఏళ్లు వచ్చాయి, ఇప్పటికీ నా నోటికి ఆ మాట రాదు. అది తప్పు కాదు. పెంపకం.

నర్సుకు చెప్పాలా? మర్యాదగా వచ్చాడు, బీరువాలో తన సర్టిఫికెట్లు తీసుకున్నాడు, పదిహేను నిమిషాల్లో తాళంచెవి తెచ్చిచ్చాడు. చెబితే లేనిపోని గొడవ.

మార్చి 8, శనివారం

చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

నర్సు పిల్లకు జడ వేస్తూ మా వరండాలో కూర్చుంది. ఎదురింటి టైలరమ్మ మిషను దగ్గర నుంచే కేక వేసింది: "ఏమ్మా నర్సమ్మా, మీ ఆయనకి తలుపులు మూసేశావట! రేపు లిఫ్టులో ఇరుక్కుంటే ఎవరు తీస్తారు?"

"మెట్లు ఎక్కుతాలే అక్కా, కాళ్లున్నాయిగా" అంది నర్సు. ముగ్గురం నవ్వాం.

అప్పుడు చెప్పేసి ఉండొచ్చు. ఆమె నవ్వుతూ ఉంది. పాడుచేయాలనిపించలేదు.

మార్చి 11, మంగళవారం

నర్సు పోయింది.

మార్చి 12, బుధవారం

రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

నిన్న ఏడుంబావుకు పిచ్చుకను బడి వ్యాను ఎక్కించాను. ఏడున్నరకు నర్సు డ్యూటీ దిగి మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది, పాదాలు వాచాయేమో. చేయి ఊపింది. నేనూ ఊపాను. పావుగంట తిరగకుండా ఆ వరుస నుంచి మగగొంతు, "ఎవరైనా రండి, పడిపోయింది" అని. అందరూ పరుగెత్తారు. డాబా మీదికి వెళ్లే మెట్ల కింద పడి ఉందట. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

కేక వేసింది అతనే. పోలీసులకు చెప్పింది కూడా అతనే. ఆవిడే రమ్మంది, ఆవిడే తలుపు తీసింది, మాటా మాటా వచ్చింది, విసురుగా మెట్లెక్కబోయి జారింది. అంతే చెప్పాడు. తాళం పగల్లేదు. కిటికీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు మా ఇంటికి వచ్చాడు, ప్రెసిడెంటుగారు వెంట ఉన్నారు. తాళాల చెక్క చూశాడు. నోటుపుస్తకం తిరగేశాడు. ముప్ఫై ఒకటికి ఎదురుగా అన్నీ పిచ్చుక వంకర సంతకాలే.

"ఈవిడ రాయకుండా చీపురుపుల్ల కూడా ఇవ్వరు సార్. మా కాలనీ మొత్తానికి ఈ పుస్తకమే సాక్ష్యం" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఇన్‌స్పెక్టరు తల ఊపి పుస్తకం మూశాడు. "అయితే ఆవిడే తీసిందన్నమాట."

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పుస్తకాన్నే అడిగారు.

మార్చి 13, గురువారం

దేవుడా, నేను ఏమీ చేయలేదని నీకు తెలుసు.

మార్చి 14, శుక్రవారం

పిచ్చుక మా ఇంట్లోనే ఉంది. నర్సు తల్లి వచ్చింది. పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని మెల్లగా నడుస్తుంది, మాట మాత్రం గట్టిది. రోజూ స్టేషనుకు వెళ్లి వస్తోంది.

"నా కూతురు వాణ్ని పిలవదు. తాళం మార్చుకున్న మనిషి తలుపు తీస్తుందా?" అంటుంది. అక్కడ వాళ్లు, మొగుడూ పెళ్లాలమ్మా, పొద్దున కొట్టుకుని సాయంత్రం కలుస్తారు అంటున్నారట.

ఇక్కడా అదే మాట. కుళాయి దగ్గర టైలరమ్మ అందరికీ వినపడేలా అంది: "ముందు తాళం మార్చడమెందుకు, తర్వాత కబురంపడమెందుకు? ఆ పిల్లకి నిలకడ లేదు." ఆదివారం ఈమెతోనే కలిసి నవ్వింది నర్సు. నా బిందె నిండి పొర్లిపోతోంది. కుళాయి కట్టేయడం కూడా మర్చిపోయాను.

పడుకోబోయే ముందు పిచ్చుక అడిగింది.

"అమ్మమ్మా, నాన్న లోపలికి ఎలా వచ్చాడు?"

"అమ్మ తీసి ఉంటుంది."

"అమ్మ తియ్యదు. నాన్న తలుపు కొడితే అమ్మా నేనూ లైటు ఆర్పేసి మంచం పక్కన కూర్చుంటాం. దగ్గు కూడా ఆపుకుంటాం." కాసేపాగి, "నేను ఎక్కువసేపు ఆపుకోగలను" అంది.

మార్చి 16, ఆదివారం

పొద్దున ప్రార్థన. మధ్యాహ్నం ప్రార్థన. సాయంత్రం ప్రార్థన. ఒక్కసారి కూడా ఆ సంగతి దేవుడి ముందు ఎత్తలేదు. ఆయన అడగని వాటి గురించే మాట్లాడి వచ్చాను, చుట్టాల ఆరోగ్యాల గురించి.

మార్చి 17, సోమవారం

గురువారం ఆరో తేదీ జరిగింది రాస్తున్నాను. ఇదివరకు రాసింది సగమే.

పన్నెండున్నర. గేటు బయటే బూట్లు విప్పాడు. "అత్తయ్యగారూ, బాగున్నారా" అన్నాడు. కాలనీలో బూట్లు విప్పి లోపలికి వచ్చే మగవాడు అతనొక్కడే. మంచినీళ్లు తాగి గ్లాసు తనే కడిగి బోర్లించాడు. కొత్త ఉద్యోగానికి సర్టిఫికెట్లు కావాలి, ఆ ఇంట్లో బీరువాలో ఉన్నాయి, రేపే ఆఖరు తేదీ అన్నాడు.

నర్సుకు ఫోను చేయి బాబూ అన్నాను.

"డ్యూటీ చేసి పడుకుని ఉంటుంది, ఎందుకు లేపడం? అయినా నేనెవర్ని అత్తయ్యగారూ, దొంగనా? నా మొహం చూసి ఇవ్వనని చెప్పండి. వెళ్లిపోతాను."

ఆ వారం నర్సు పగళ్లు ఆస్పత్రి పక్కనే స్నేహితురాలి గదిలో నిద్రపోయేది, బస్సు కలిసిరాక. ఇంట్లో ఎవరూ ఉండరని అతనికి తెలుసు. నాకూ తెలుసు. నేను అతని మొహం చూశాను. ఇవ్వను అనే మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ నిలబడింది. చెక్క దగ్గరికి నడిచాను.

నోటుపుస్తకం తెరిస్తే, "రాయకండి అత్తయ్యగారూ. తను చూస్తే మళ్లీ మా ఇద్దరికీ గొడవ" అన్నాడు. పుస్తకం మూశాను. పదేళ్లలో రాయకుండా ఇచ్చింది అదొక్కసారే.

పదిహేను నిమిషాల్లో తిరిగి తెచ్చాడు. చేతిలో సర్టిఫికెట్లు లేవు. అది నేను చూశాను. తీసుకున్నాడని ఈ డైరీలో రాసుకున్నాను. సబ్బు సంగతి కూడా. చేతులు కడుక్కునేవాడు తాళంచెవిని కడగడు. దాని పళ్ల సందుల్లో తెల్లగా ఇరుక్కుని ఉంది. పుల్లతో గీకి తీశాను.

మార్చి 18, మంగళవారం

అన్నం పెడుతూ మా ఆయన్ని అడిగాను, సబ్బుతో తాళంచెవికి ఏం పని అని. ఆయన గోడౌనులో లారీల కాటా దగ్గర పనిచేస్తారు, ఇలాంటివి తెలుస్తాయి.

"అచ్చు తీస్తారు. సబ్బులోకి ఒత్తితే సరిపోతుంది, ఆకురాయి ఉన్న ఏ మెకానిక్కైనా అలాంటిది ఇంకోటి అరగదీస్తాడు" అన్నారు. ముద్ద చేతిలోనే ఆగింది. నా మొహంలోకి చూశారు. "ఎందుకడిగావ్?"

చెప్పాను. మొత్తం.

చేయి కడుక్కుని వచ్చి అన్నారు: "చచ్చిన మనిషి ఎలాగూ తిరిగి రాదు. నువ్వు వెళ్లి చెబితే కాలనీ అంతా మన మీద పడుతుంది. నోరు మూసుకుని ఉండు. నీకు అలవాటేగా."

తిట్టలేదు. మామూలుగానే అన్నారు.

మార్చి 20, గురువారం

ప్రెసిడెంటుగారు పరిచయం అడిగారు. రెండు రోజుల్లో ఇస్తానన్నాను. చిత్తుప్రతి తీసి చూశాను. "ఒక్క చెంచా కూడా పోలేదు."

మార్చి 21, శుక్రవారం

పెద్దావిడ స్టేషను నుంచి వచ్చి వరండాలో కూలబడింది. పొరపాటున జారిపడినట్టే రాసి కేసు మూసేస్తారట. రేపు అతను వచ్చి పిల్లను తీసుకుపోతాడట. తండ్రి బతికుండగా అమ్మమ్మకు హక్కేమిటని అడిగారట.

"ఒక్కటంటే ఒక్కటి దొరికితే బాగుండు. వాడు తనంతట తాను లోపలికి పోయాడనడానికి ఒక్క ఆధారం" అంది. నా వైపు కాదు, నేల వైపు చూసి అంది.

కాఫీ కలిపి ఇచ్చాను. అదొక్కటే చేశాను.

మార్చి 22, శనివారం

పదింటికి వచ్చాడు. బూట్లు విప్పాడు.

పెద్దావిడ స్నానానికి వెళ్లి ఉంది. పిచ్చుక కనపడలేదు. అతను గొంతు తగ్గించాడు. "మీ మేలు మర్చిపోను అత్తయ్యగారూ. ఆరోజు సంగతి ఎవరితోనూ అనలేదుగా? అనకపోవడమే మంచిది. మీకూ మంచిదే." రెండు చేతులూ జోడించాడు.

ఈ చేతులే కదా గ్లాసు కడిగి బోర్లించాయి అనుకున్నాను.

పిల్ల సామాను సర్దలేదు, సాయంత్రం రమ్మన్నాను. అదీ అబద్ధమే. కాకపోతే ఇన్నాళ్లలో నేను ఆడిన అబద్ధాల్లో పిల్లకు పనికొచ్చింది ఇదొక్కటే. సరే అని వెళ్లాడు.

పిచ్చుక కోసం ఇల్లంతా వెతికాను. మంచానికీ గోడకీ మధ్య సందులో కూర్చుని ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. దగ్గు ఆపుకుంటోంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. వెళ్లిపోయాడమ్మా అని చెప్పినా చాలాసేపు చేతులు తీయలేదు.

చీర మార్చుకున్నాను. నోటుపుస్తకం, ఈ డైరీ, ముప్ఫై ఒకటో తాళంచెవి సంచిలో వేసుకున్నాను. స్నానాల గది తలుపు దగ్గరే పెద్దావిడతో, "పిల్లను వదలకండి, లోపల గొళ్లెం పెట్టుకోండి, నేను స్టేషనుకు వెళ్తున్నాను" అని చెప్పాను. ఎందుకని అడిగింది. అక్కడే, తలుపుకు ఇటు నిలబడి చెప్పాను. లోపల నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

దారి పొడుగునా మా ఆయన ఫోను చేస్తూనే ఉన్నారు, తీయలేదు.

ఇన్‌స్పెక్టరు ఆరో తేదీ పేజీ చదివాడు. పదిహేడో తేదీ కూడా చదివాడు. "ఇది ఆరోజే చెప్పి ఉండాల్సిందమ్మా" అన్నాడు. మీరు నన్ను అడగలేదు అనబోయాను. ఆ వాక్యం నా దగ్గర సిద్ధంగా ఉంది, పది రోజులుగా నూరి పెట్టుకున్నాను.

"అవునండీ. చెప్పలేదు" అన్నాను.

తాళంచెవి ఉంచుకున్నారు. కావలసిన పేజీలు జిరాక్సు తీసుకుని డైరీ, నోటుపుస్తకం ఇచ్చేశారు. మిగతావి చదవలేదు లెండి అన్నాడు. చదివినా ఫరవాలేదన్నాను.

మార్చి 24, సోమవారం

శనివారం సాయంత్రం అతను పిల్ల కోసం రాకముందే పోలీసులు వెళ్లి వెతికారట, పనిసంచిలో ఇంకో తాళంచెవి దొరికిందట. ఆకురాయితో అరగదీసింది, మా మేకు మీది దానికి కవల. దాన్ని పారేయలేదు. ఎందుకు పారేయలేదో. అడిగేవాళ్లు ఎవరూ లేరనుకుని ఉంటాడు.

అతన్ని పట్టుకెళ్లారు.

మార్చి 25, మంగళవారం

పొద్దుటి నుంచి వచ్చి తాళంచెవులు తీసుకుపోతున్నారు. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. "మావాడికి సెలవులు కదా, ఇంట్లోనే ఉంటాడు పిన్నీ" అని ఒకరు. "మా అత్తగారు వస్తున్నారు" అని ఇంకొకరు. ఇరవై ఒకటో నంబరావిడ ఏ సాకూ చెప్పలేదు, చేయి చాపింది. ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టించుకున్నాను.

టైలరమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి అంది: "దేవుడికి దణ్ణం పెట్టే చేత్తోనే ఇచ్చావటగా."

అవును, ఈ చేత్తోనే అన్నాను. ఆమె ఇంకేదో అనడానికి సిద్ధపడి వచ్చింది, అనకుండా వెళ్లిపోయింది. కుళాయి దగ్గర నర్సును అన్న మాట ఆమెకూ గుర్తుండి ఉంటుంది.

మార్చి 27, గురువారం

ప్రెసిడెంటుగారు కాగితాల కట్ట వెనక్కి తీసుకున్నారు. "వేరేవాళ్లతో రాయిస్తాంలెండి. పుస్తకంలో ఆ తాళాల ప్రస్తావన కూడా వద్దనుకుంటున్నాం. కాలనీ పేరు పోతుంది, ఇళ్లు కొనేవాళ్లు చదువుతారు." రాసింది ఇస్తానన్నాను. అక్కర్లేదన్నారు.

మార్చి 29, శనివారం

పెద్దావిడ పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. ఆటో ఎక్కే ముందు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా కూతురు వాణ్ని పిలవలేదని అందరికీ తెలిసింది. అది నీవల్లే తెలిసింది. దానికి దండం." నిజంగానే దండం పెట్టింది. "అది పోయిందీ నీవల్లే. నీ మొహం మళ్లీ చూడలేను. ఏమీ అనుకోకు."

ఏమనుకుంటాను.

పిచ్చుక ఆటోలోంచి అడిగింది. గట్టిగా కాదు, లెక్క అర్థం కాని పిల్ల టీచరును అడిగినట్టు. "ఇవ్వను అని ఎందుకు అనలేదు?" చివర్న అమ్మమ్మా అనలేదు.

"నోరు రాలేదమ్మా."

అది ఆలోచించింది. ఆ జవాబు చాలినట్టు లేదు. ఆటో కదిలింది.

మార్చి 30, ఆదివారం

ప్రార్థనకు కూర్చున్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఇస్తాడేమోనని భయం వేసింది. దేవుడు కూడా అడిగినవాళ్లకు లేదనలేడు.

ఏప్రిల్ 2, బుధవారం

ఆయన సెలవు పెట్టి చెక్క దింపుతానన్నారు. అందులో మంచి పలక ఉంది, మంచినీళ్ల బిందె కిందికి పనికొస్తుందట. మేకులు ఒక్కొక్కటీ సుత్తి కొక్కెంతో పీకుతున్నారు. నేను పట్టుకుని నిలబడ్డాను. ముప్ఫై దాకా వచ్చారు.

"వద్దు" అన్నాను.

వినపడలేదేమో, కొక్కెం ముప్ఫై ఒకటి కిందికి దూర్చారు.

"వద్దు" అన్నాను.

ఈసారి ఎదురింట్లో కుట్టుమిషను ఆగిపోయింది.